టెక్సస్‌లో ఆఫీసు స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టాలంటే ఏ వరసలో కదలాలి

డాలస్ చుట్టుపక్కల నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టి స్థలం కొనడం తెలుగువాళ్లకు ఇప్పుడు మామూలైపోయింది. కోవిడ్ తర్వాత ఖాళీ పడ్డ ఆఫీసు భవనాలు, ఎప్పుడో ఆఫీసులకని జోన్ చేసి అలాగే వదిలేసిన ఎకరాలు మార్కెట్లోకి వస్తున్నాయి. "కొత్త చట్టం వచ్చింది, ఇక్కడ అపార్ట్‌మెంట్లు వేసుకోవచ్చు" అని బ్రోకర్ చెప్తాడు. చట్టం వచ్చిన మాట నిజమే. అది మీ స్థలానికి వర్తిస్తుందో లేదో చూసుకోవాల్సింది మాత్రం మీరే, అదీ అడ్వాన్సు చేతులు మారకముందే.

జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో సిటీ పెట్టే నియమం, అదొక్కటి కలిసొస్తే చాలనుకుంటారు చాలామంది. 2025 నుంచి పెద్ద సిటీల్లో జోనింగ్ అన్నిటికంటే తేలిక అడ్డంకి అయిపోయింది. ఇప్పుడు ప్రాజెక్టుల్ని ఆపుతున్నవి పాత డీడ్ షరతులు, మురుగు లైను, విమానాశ్రయం దూరం. అందుకే కింది వరస కాస్త తిరగేసినట్టు కనిపిస్తుంది.

1. రీజోనింగ్ (సిటీ చేత జోనింగ్ మార్పించుకోవడం) అసలు అవసరమా?

2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన సెనేట్ బిల్లు 840 ప్రకారం, జనాభా 1,50,000 దాటిన సిటీ 3,00,000 దాటిన కౌంటీలో పూర్తిగానో కొంతమేరకో ఉంటే, ఆఫీసు, కమర్షియల్, రిటైల్, వేర్‌హౌస్, మిక్స్‌డ్ యూజ్ జోన్లలో అపార్ట్‌మెంట్లను నేరుగా అనుమతించాలి. కౌన్సిల్ ఓటు అక్కర్లేదు. నిబంధనలకు సరిపోతే సిటీ సిబ్బందే ఆమోదం ఇవ్వాలి. జనాభా అంటే ఇక్కడ 2020 జనగణన లెక్క. నిన్నటి అంచనాలు పనికిరావు.

ఈ లెక్కన ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, గార్లండ్, గ్రాండ్ ప్రెయిరీ, ఆర్లింగ్టన్, డాలస్, ఫోర్ట్‌వర్త్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో లోపలికి వస్తాయి. కాపెల్, ఆలెన్, రిచర్డ్‌సన్, కారల్టన్, లూయిస్‌విల్, ఫ్లవర్ మౌండ్, ప్రాస్పర్, సెలైనా, రౌండ్ రాక్, షుగర్‌ల్యాండ్ రావు. హ్యూస్టన్‌లో మామూలు అర్థంలో జోనింగే లేదు, దాని కథ వేరు.

పోస్టల్ అడ్రసు చూసి సిటీ ఏదో తేల్చుకోవద్దు. సైప్రస్ వాటర్స్ డాలస్ సిటీ పరిధిలో ఉంది, అక్కడి పిల్లల్లో ఎక్కువమంది కాపెల్ ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) బడులకు వెళ్తారు. ఫ్రిస్కో అని రాసే చిరునామా పక్క ఊరి పరిధిలో పడొచ్చు, ఏ సిటీలోనూ లేని ఈటీజేలోనూ (సిటీ హద్దు బయట దాని పరిమిత అధికారం నడిచే ప్రాంతం) పడొచ్చు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో పార్సెల్ నంబరు కొట్టి, పన్ను ఏ సిటీకి కడుతున్నారో చూడండి. ఐదు నిమిషాల పని.

సిటీ జాబితాలో ఉన్నా చట్టం వర్తించని చోట్లు కొన్ని ఉన్నాయి:

- భారీ పరిశ్రమను అనుమతించే జోన్‌లో ఉన్న స్థలం.
- ఇప్పటికే నడుస్తున్న భారీ పరిశ్రమకు 1,000 అడుగుల లోపు. మండే, పేలే పదార్థాలు వాడేవి, ప్రమాదకరమైనవి, వాసన, పొగ, చప్పుడు, అదురుతో ఇబ్బంది పెట్టేవి ఈ నిర్వచనంలోకి వస్తాయి.
- విమానాశ్రయానికి లేదా సైనిక స్థావరానికి 3,000 అడుగుల లోపు.
- సిటీ క్లియర్ జోన్‌గా, ప్రమాద అవకాశ ప్రాంతంగా (విమానాలు కూలే ముప్పున్న చోట్లు) గుర్తించిన చోట.

ఇర్వింగ్‌లో డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు వైపు, మెకిన్నీలో ఎయిర్‌పోర్టు వైపు స్థలం చూస్తుంటే మూడో అంశం దగ్గరే ఆగండి. 3,000 అడుగులంటే మైలులో సగానికి కాస్త ఎక్కువ. దాన్ని రన్‌వే నుంచి కొలుస్తున్నారా, ఎయిర్‌పోర్టు హద్దు నుంచా అన్నదానిమీద మీ స్థలం లోపలో బయటో తేలుతుంది. డీఎఫ్‌డబ్ల్యూ లాంటి విస్తీర్ణం ఉన్న ఎయిర్‌పోర్టు దగ్గర ఆ తేడా చాలా పెద్దది. ఫోన్లో చెప్పిన మాట నమ్మకుండా సిటీ ప్లానింగ్ విభాగాన్ని జోనింగ్ వెరిఫికేషన్ లెటర్ అడగండి. ఆ లేఖ కోసం మీరు రాసే అర్జీలో ప్రశ్న సూటిగా ఉండాలి: ఈ పార్సెల్‌కు 840 వర్తిస్తుందా, లేదంటే ఏ మినహాయింపు కింద?

స్థలం ప్లాన్డ్ డెవలప్‌మెంట్, అంటే పీడీ జోన్‌లో ఉంటే ఆ ఆర్డినెన్స్ మొత్తం చదవాలి. పాత పీడీల్లో "ఆఫీసు మాత్రమే, నివాసాలు నిషేధం" అని రాసి ఉంటుంది. అక్కడ వాదనకు తావుంది కాబట్టి ల్యాండ్ యూజ్ లాయర్ రాతపూర్వక అభిప్రాయం లేకుండా ముందుకెళ్లొద్దు. బ్యాంకు ఎలాగూ అదే అడుగుతుంది.

2. టైటిల్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బీ తెరవండి

జోనింగ్ సిటీ పెట్టేది. డీడ్ రిస్ట్రిక్షన్ మీకు ముందున్న యజమానులు, పక్క యజమానులు రాసుకున్న ఒప్పందం. 840 సిటీ చేతులు కట్టేసింది కానీ ఈ ఒప్పందాల జోలికి వెళ్లలేదు. ఆఫీసు పార్కులన్నీ దాదాపు ఇలాంటి షరతులతోనే మొదలయ్యాయి. ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్‌లో కొంటే అక్కడి అసోసియేషన్ నియమాలూ డిజైన్ పరిశీలనా సిటీ ఆమోదానికి అదనం.

టైటిల్ కమిట్‌మెంట్ అంటే యాజమాన్యానికి బీమా ఇచ్చే ముందు టైటిల్ కంపెనీ ఇచ్చే పత్రం; టెక్సస్‌లో దాని షెడ్యూల్ బీ మొదటి అంశమే ఈ షరతుల జాబితా. అక్కడ పుస్తకం, పేజీ నంబర్లు మాత్రమే ఉంటాయి. ఆ పత్రాల ప్రతులన్నీ టైటిల్ కంపెనీ నుంచి తెప్పించుకుని చదవండి. వెతకాల్సినవి ఇవి: నివాస వాడుక నిషేధం, ఎత్తు పరిమితి, పార్కింగ్‌ను పక్క భవనంతో పంచుకునే ఒప్పందం, షరతు ఏ సంవత్సరం దాకా ఉంటుంది, దానంతటదే పొడిగింపు అవుతుందా, సవరించాలంటే ఎంత శాతం యజమానులు సంతకం పెట్టాలి. పార్కింగ్ పంచుకునే ఒప్పందం చాలామంది కంటికి ఆనదు. మీరు భవనం వేద్దామనుకున్న చోట పక్క ఆఫీసువాళ్లకు శాశ్వతంగా కార్లు పెట్టుకునే హక్కు ఉండొచ్చు.

ఇదే సమయంలో ఆల్టా సర్వే (టైటిల్ కంపెనీ, బ్యాంకు ఒప్పుకునే వివరమైన భూమి కొలత) చేయించి, ఈజ్‌మెంట్లన్నీ, అంటే మీ స్థలం మీద ఇతరులకున్న దారి, గొట్టాల వంటి హక్కులన్నీ, దాని మీద గీయించండి. ఫేజ్ 1 పర్యావరణ నివేదిక కూడా కావాలి, కానీ తొందరపడి ముందే చేయిస్తే దండగ. అందులోని ముఖ్య భాగాలు కొనుగోలు తేదీకి 180 రోజుల లోపువై ఉండాలి.

కొనుగోలు ఒప్పందంలో తనిఖీ గడువు ఎంత పెట్టించుకుంటారన్నది ఇక్కడే ముఖ్యం. సిటీ లేఖ, టైటిల్ పత్రాలు, సర్వే, మురుగు లైను జవాబు, ఈ నాలుగూ చేతికొచ్చేదాకా ఎర్నెస్ట్ మనీ (అడ్వాన్సు) వెనక్కి వచ్చేలా రాయించండి. ముప్పై రోజుల్లో ఇవి రావు. జాబితాలో లేని సిటీలో అయితే రీజోనింగ్ ఆర్డినెన్స్ పాసైతేనే కొంటామన్న షరతు తప్పనిసరి. ఆ షరతుకు ఒప్పుకోని అమ్మకందారుకు నేటి జోనింగ్ విలువే కట్టండి, రేపటి విలువ కట్టకండి.

3. లెక్క వేసి చూడండి

840 కింద సిటీ విధించగల పరిమితులకు పైకప్పు ఉంది. ఎకరానికి 36 యూనిట్లు, లేదా ఆ సిటీలో ఎక్కడైనా అనుమతించిన అత్యధిక సాంద్రత, రెంటిలో ఏది ఎక్కువైతే అంతకంటే తక్కువకు దించకూడదు. ఎత్తు 45 అడుగులు, లేదా అదే స్థలంలో కమర్షియల్ భవనానికి అనుమతించేది, ఏది ఎక్కువైతే అది. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి కట్టడం దాకా వదలాల్సిన జాగా) 25 అడుగులు, లేదా కమర్షియల్‌కు ఉన్నది, ఏది తక్కువైతే అది. పార్కింగ్ యూనిట్‌కు 1 కంటే ఎక్కువ అడగకూడదు, బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టమని అనకూడదు. ఎఫ్ఏఆర్ (స్థలం విస్తీర్ణానికి మొత్తం కట్టడం నిష్పత్తి) పరిమితి పెట్టకూడదు. కింద షాపులు ఉండి తీరాలనీ అనకూడదు.

5 ఎకరాల చదరపు స్థలం తీసుకుందాం. అంటే 2,17,800 చదరపు అడుగులు, ఒక్కో వైపు 467 అడుగులు.

36 చొప్పున 180 యూనిట్లు. సగటు యూనిట్ 850 అడుగులనుకుని, కారిడార్లు, మెట్లు, లిఫ్టులకు 15 శాతం పోతే యూనిట్‌కు దాదాపు 1,000 అడుగుల కట్టడం, మొత్తం 1,80,000. నాలుగు అంతస్తులైతే నేల మీద 45,000, ఎకరం కంటే కాస్త ఎక్కువ. చుట్టూ 25 అడుగుల సెట్‌బ్యాక్ పట్టీ మరో ఎకరం తింటుంది. ఒక కారు స్థలం, దాని వంతు డ్రైవ్ కలిపి 325 అడుగులు వేసుకుంటే 180 కార్లకు 58,500, అంటే ఎకరం మీద మూడో వంతు. మిగిలిన ఎకరంన్నర చిల్లరలో వాననీటి కుంట, ఫైర్ లేన్, చెట్లు, ఆట స్థలం సర్దాలి. సరిపోతుంది.

కాకపోతే యూనిట్‌కు 1 కారు అన్నది సిటీ అడగగల గరిష్ఠం మాత్రమే, మీ అవసరం కాదు. అద్దెకొచ్చే కుటుంబాలకు ఫ్రిస్కోలో ఒక కారుతో గడవదు, బ్యాంకుకూ అది తెలుసు. 1.5 చొప్పున వేస్తే 270 కార్లు, రెండెకరాలు. అప్పుడు కుంటకు చోటు దొరకదు. చాలా స్కెచ్‌లు ఇక్కడే కూలతాయి. 180 కాస్తా 150 అవుతుంది. స్థలం ధరను 180 మీద కట్టి ఉంటే ఆ 30 యూనిట్ల నష్టం మీదే.

45 అడుగుల్లో నాలుగు అంతస్తులు పట్టించడమూ బిగుతే. అంతస్తుకు పదిన్నర అడుగులు వేస్తే 42, ఆపైన పిట్టగోడ, లిఫ్ట్ గది. వాలు కప్పు వేస్తే మూడే. సిటీ ఎత్తును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తుందో నిర్వచనం చూసి ఆర్కిటెక్ట్‌కు ఇవ్వండి.

యూనిట్ల సంఖ్యను 200 దాటించే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ అనుబంధం డీ అనుసరించే సిటీల్లో 100 దాటితే రెండు వేర్వేరు ఫైర్ దారులు కావాలి. స్ప్రింక్లర్లు పూర్తిగా పెడితే 200 దాకా ఒకటి చాలు. 201వ యూనిట్‌తో రెండో దారి తప్పదు. అది పక్కవాడి స్థలం గుండా అయితే ఆ ఒక్క యూనిట్ ఖరీదు చాలా ఎక్కువ. 30 అడుగులు దాటిన భవనం పక్కన ఫైర్ లేన్ 26 అడుగుల వెడల్పు కావాలన్నది కూడా అదే అనుబంధం.

4. మురుగు లైను సంగతి

ఆఫీసులో మనిషి పగలు చేతులు కడుక్కుంటాడు. ఇంట్లో స్నానం, వంట, బట్టలు, గిన్నెలు, అదీ అందరూ పొద్దున ఏడింటికే. రోడ్డు కింద ఉన్న 8 అంగుళాల గొట్టం ఆఫీసు లెక్కతో వేసింది కావొచ్చు. కొత్త కట్టడం విషయంలో నీరు, మురుగు, వాననీటి నియమాలను 840 తీసేయలేదు. కాబట్టి సివిల్ ఇంజినీరు చేత రెండు పేజీల డిమాండ్ లెక్క రాయించి సిటీ యుటిలిటీ విభాగానికి పంపండి. చాలదని తేలితే గొట్టం ఎంత దూరం మార్చాలి, ఎవరి ఖర్చు అన్నది రాతలో తెప్పించుకోండి. ఇంపాక్ట్ ఫీజులు (కొత్త కట్టడం వల్ల పెరిగే రోడ్లు, నీటి లైన్ల ఖర్చుకు సిటీ వసూలు చేసేవి), పార్క్ ఫీజులు కూడా కొత్త కట్టడానికి పడతాయి; సిటీ ఫీజు పట్టిక చూసి యూనిట్‌కు ఎంతో ఇప్పుడే వేసుకోండి.

5. దాఖలు చేయడం, నియమాలను గడ్డకట్టించడం

చట్టం వచ్చాక కొన్ని సిటీలు తమ ఆర్డినెన్సులు మార్చుకున్నాయి. కనీసం ఇన్ని అంతస్తులు ఉండాలని, ఇన్ని సౌకర్యాలు పెట్టాలని అడుగుతున్నాయి. పరిమితికి పైకప్పు పెడితే నేల పైకి లేపారన్నమాట. రేపు ఇంకేం మారుస్తారో అన్న బెంగకు మందు లోకల్ గవర్నమెంట్ కోడ్ 245వ అధ్యాయం. మొదటి పర్మిట్ దరఖాస్తు వేసిన రోజు అమల్లో ఉన్న నియమాలే ఆ ప్రాజెక్టుకు వర్తిస్తాయి. అందుకే స్థలం తేలగానే, డిజైన్ పూర్తయ్యేదాకా ఆగకుండా, పూర్తి వివరాలున్న సైట్ ప్లాన్‌నో ప్లాట్‌నో (plat, అంటే స్థలం హద్దులు, దారులు చూపే నమోదు పటం) దాఖలు చేయండి. ఏదైనా తక్కువైతే సిటీ 10 పని దినాల్లో చెప్పాలి. దాఖలు చేసిన 45 రోజుల్లోగా సరిదిద్దకపోతే దరఖాస్తు పోతుంది, దాంతో ఆ తేదీ కూడా.

ప్లాట్ మీద సిటీ 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే ఏ నిబంధన కింద అన్నది రాయాలి.

840 వర్తిస్తున్న చోట ప్లానింగ్ సిబ్బంది "పీడీగా రండి, సులువవుతుంది" అనొచ్చు. నేరుగా వచ్చే హక్కును వదిలి కౌన్సిల్ ముందు బేరానికి కూర్చోవడమే అది. 36 కంటే ఎక్కువ యూనిట్లో, ఇంకేదైనా అదనమో కావాలనుకుంటే తప్ప ఒప్పుకోవద్దు. చట్టాన్ని సిటీ పాటించకపోతే కోర్టుకు వెళ్లొచ్చు, గెలిస్తే లాయర్ ఫీజు కూడా వస్తుంది. అయినా వడ్డీ కడుతున్న స్థలంతో కోర్టుకెక్కడం ఆఖరి మాట.

6. చిన్న సిటీ అయితే: పాత పద్ధతి రీజోనింగ్

ఆలెన్‌లోనో కాపెల్‌లోనో అయితే కౌన్సిల్ ఓటు తప్పదు. ముందు సిటీ సమగ్ర ప్రణాళికలోని ఫ్యూచర్ ల్యాండ్ యూజ్ మ్యాపు తెరవండి. అందులో మీ స్థలం రంగు నివాసానికో మిక్స్‌డ్ యూజ్‌కో దగ్గరగా లేకపోతే ముందు ఆ మ్యాపు సవరణ అడగాలి. ఆ తర్వాత ప్రీ-అప్లికేషన్ మీటింగ్, దరఖాస్తు, కాన్సెప్ట్ ప్లాన్, చాలా చోట్ల ట్రాఫిక్ అధ్యయనం.

ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ విచారణకు 10 రోజులకు మించి ముందే 200 అడుగుల లోపు యజమానులందరికీ సిటీ లేఖలు పంపుతుంది. కౌన్సిల్ విచారణకు కనీసం 15 రోజుల ముందు పత్రికా ప్రకటన. ఈ లేఖలు వాళ్లకు అందకముందే మీరు వాళ్ల తలుపు తట్టాలి. లేఖ చూసి తెలుసుకున్న మనిషి కోపంగా వస్తాడు, ముందే ప్లాన్ చూసిన మనిషి ప్రశ్నలతో వస్తాడు.

అభ్యంతర పత్రాల లెక్క తలలతో కాదు, భూమి విస్తీర్ణంతో. ఇదివరకు 200 అడుగుల లోపు భూమిలో 20 శాతం యజమానులు సంతకం పెడితే కౌన్సిల్‌లో మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాల్సి వచ్చేది. ఏడుగురి కౌన్సిల్‌లో అంటే 6. హౌస్ బిల్లు 24 వచ్చాక, ఇళ్లను పెంచే మార్పులకు ఆ 20 కాస్తా 60 శాతం అయింది, అప్పుడు కూడా సాధారణ మెజారిటీ, అంటే 4 ఓట్లు చాలు. ఇదీ 2025 సెప్టెంబర్ 1 నుంచే, అన్ని సిటీలకూ. ఒక మెలిక ఉంది. ఇళ్లతో పాటు అదనపు కమర్షియల్ వాడుకలు కూడా అడిగితే పాత 20 శాతమే వర్తిస్తుంది. ఆ వాడుక కింది అంతస్తుకే పరిమితమై, మొత్తంలో 35 శాతం దాటకపోతే ఫర్వాలేదు. కాబట్టి "ఎందుకైనా మంచిది, హోటల్ కూడా రాసేద్దాం" అని దరఖాస్తులో ఇరికించకండి.

హియరింగ్‌లో ఎదురయ్యే మాటల్లో స్కూళ్లు కిక్కిరిసిపోతాయన్నది ఒకటి. ఆ ప్రాంతపు ఐఎస్‌డీ నమోదు లెక్కలు పట్టుకెళ్లండి. 2024లో ప్లేనో ఐఎస్‌డీ, రిచర్డ్‌సన్ ఐఎస్‌డీ రెండూ పిల్లలు తగ్గిపోయి తలా నాలుగు స్కూళ్లు మూసేయాలని నిర్ణయించాయి. ట్రాఫిక్ మాటకు, అదే స్థలంలో ఆఫీసు నిండా నడిస్తే పొద్దున రద్దీ గంటలో ఎన్ని కార్లో, అపార్ట్‌మెంట్లకు ఎన్నో పక్కపక్కన చూపించే ఒక్క పట్టిక చాలు. ముప్పై స్లైడ్లు వద్దు.

ఓట్లు లేవని ముందురోజే తెలిసిపోతే వాయిదా అడగండి. తిరస్కరణ పడితే అదే దరఖాస్తు మళ్లీ వేయడానికి చాలా సిటీల్లో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది ఆగాలి. తప్పనప్పుడు, మళ్లీ వేసుకునే హక్కు మిగిలేలా తిరస్కరించమని మీ లాయర్ చేత అడిగించండి. మేయర్ సుత్తి కొట్టాక అడిగి లాభం లేదు.

7. పాత ఆఫీసు భవనాన్నే ఇళ్లుగా మార్చేట్టయితే

840 దీనికి మరింత వెసులుబాటు ఇచ్చింది. భవనం కట్టి కనీసం 5 ఏళ్లై ఉండాలి. భవనంలో కనీసం 65 శాతం, నివాసయోగ్యమైన ప్రతి అంతస్తులోనూ కనీసం 65 శాతం ఇళ్లుగా మారాలి. అప్పుడు సిటీ ట్రాఫిక్ అధ్యయనం అడగకూడదు, ఉన్న పార్కింగ్‌కు మించి అడగకూడదు, బిల్డింగ్ కోడ్ కనీసానికి మించిన డిజైన్ షరతులు పెట్టకూడదు. ఆ భూమికి ముందునుంచే లేని ఇంపాక్ట్ ఫీజు కొత్తగా వేయకూడదు.

చట్టం ఒప్పుకున్నంత సులువుగా భవనం ఒప్పుకోదు. లిఫ్ట్ గది గోడ నుంచి కిటికీ దాకా దూరం టేపుతో కొలవండి. 30 అడుగుల దగ్గర్లో ఉంటే మంచి యూనిట్లు పడతాయి. 45 దాటితే లోపలి సగం చీకటి, ఆ చదరపు అడుగులకు అద్దె రాదు. ఆఫీసుకు టాయిలెట్లన్నీ నడిమధ్యే ఉంటాయి, ఇళ్లకు ప్రతి యూనిట్‌కూ గొట్టాలు దిగాలి, అంటే స్లాబుకు పదుల కొద్దీ కన్నాలు. స్లాబు పోస్ట్ టెన్షన్ అయితే లోపల బిగించి ఉన్న ఉక్కు తీగ తెగితే ప్రమాదం, మరమ్మతూ ఖరీదు. కోయబోయే ప్రతి చోటా ముందు స్కాన్ చేయించాలి. కొనేముందే పాత స్ట్రక్చరల్ డ్రాయింగులు అడిగి ఈ సంగతి తెలుసుకోండి. డ్రాయింగులు లేవంటే ధరలో తగ్గించుకోండి.

తెరవని అద్దాల గోడలు మరో ఖర్చు. పడకగదికి అత్యవసరంగా బయటపడే కిటికీ కావాలా అన్నది అంతస్తును బట్టి, స్ప్రింక్లర్లను బట్టి మారుతుంది. ఆఫీసు వర్గం నుంచి నివాస వర్గానికి మారుతున్నందువల్ల నిప్పు తట్టుకునే గోడలు, అలారాలు, యూనిట్ల మధ్య శబ్దం ఆపే గోడలు కొత్తగా లెక్కలోకొస్తాయి. సిటీ బిల్డింగ్ అధికారితో, ఫైర్ మార్షల్‌తో ఒకేసారి కూర్చునే సమావేశం అడగండి. విడివిడిగా కలిస్తే ఒకరు సరేనన్నది ఇంకొకరు కొట్టేస్తారు, అదీ డ్రాయింగులకు డబ్బు కట్టాక.